పనికి పాట, చదువుకు పాట

1940 జూన్ 23వ తేదీన బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ అనే ప్రసారాన్ని ప్రారంభించినది. పని చేస్తూ వినే సంగీతమని దాని అర్థం. డన్‌కర్క్ తీరం నుండి బ్రిటిష్ సేనలు వెనుదిరిగి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. ఫ్రాన్సులో వదలి వచ్చిన ఫిరంగులకు, వాహనాలకు బదులు కొత్తవి తయారుచేసే భారం కర్మాగారాలపై పడినది. గంటల తరబడి ఒకే మర వద్ద ఒకే పని చేసే కార్మికునికి ఒళ్లు అలసేలోపే మనస్సు విసుగెత్తుతుంది. ఆ విసుగును తగ్గించటానికి ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట సంగీతం వినిపించసాగారు.

ఇది అప్పటికప్పుడు తోచిన ఉపాయం కాదు. బ్రిటన్‌లోని పారిశ్రామికారోగ్య పరిశోధక మండలి తరఫున వయట్, లాంగ్డన్ అనేవారు 1937లో ఒక నివేదిక ప్రకటించారు. ఒకే విధమైన చేతిపనిలో సంగీతం విసుగును తగ్గిస్తుందనీ, ఉత్పత్తి కొంత పెరుగుతుందనీ వారు గమనించారు.

అయితే ఏ సంగీతమైనా పనికిరాదు. మెల్లని స్వరాలు యంత్రాల మోతలో కలిసిపోతాయి. కనుక ధ్వని ఒకే స్థాయిలో ఉండాలి. వరుస స్పష్టంగా తెలియాలి. ‘డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సాస్’ అనే పాటను ఈ ప్రసారంలో నిషేధించారు. ఆ పాట మధ్యలో చప్పట్లు కొట్టే చోటు ఉన్నది. కార్మికులు పని మాని చేతిలోని పనిముట్లతో బల్లలు బాదుతారని అధికారుల భయం! నవ్వు పుట్టించే విషయమే గాని, అసలు కిటుకు ఇందులోనే ఉన్నది. వినేవాని దృష్టిని తనవైపు లాగుకొనే పాట పనికి తోడు కాదు, పోటీ.

మన పల్లెలలోని నాట్ల పాటలకు, దంపుళ్ల పాటలకు ఈ చిక్కు లేదు. రోకటి పోటే అక్కడ తాళం, పనిచేసేవారే పాడేవారు. కర్మాగారంలోనో, పాట బయటి నుండి వచ్చినది.

ఆ ప్రసారం 1967 వరకు సాగినది. చేతిపనికి చెల్లిన ఈ సూత్రం చదువుకు కూడా చెల్లుతుందా? మర తిప్పేవానికి మాటలతో పని లేదు. పాఠం కంఠస్థం చేసేవాడు మాటలనూ అంకెలనూ లోలోపల పలుకుకుంటూ జ్ఞాపకం ఉంచుకుంటాడు. ఆ సమయంలో చెవిని పడిన మాటలు ఈ లోపలి పలుకులో చొరబడతాయి. 1976లో కోల్, వెల్ష్ అనే అమెరికన్ పరిశోధకులు అక్షరాల వరుసలను గుర్తుంచుకొమ్మని విద్యార్థులకు చెప్పి, పక్కన జర్మన్ భాషలోని చదువును వినిపించారు. ఆ భాష వారికి రాదు. దానిని పట్టించుకోవద్దని కూడా చెప్పారు. అయినా తప్పులు పెరిగాయి! 1989లో సలామే, బాడ్లీ సంగీతంతో ఇటువంటి పరీక్షలే చేశారు. వాద్యసంగీతం కన్న గాత్రసంగీతమే జ్ఞాపకాన్ని ఎక్కువగా చెదరగొట్టినది.

మోజార్ట్ సంగీతం తెలివిని పెంచుతుందనే ప్రచారం కూడా ఇక్కడ పరిశీలించదగినది. 1993లో ‘నేచర్’ పత్రికలో రౌషర్, షా, కై ప్రకటించిన ప్రయోగం దీనికి మూలం. కళాశాల విద్యార్థులు 36 మంది; పది నిమిషాల వినికిడి; పిమ్మట కాగితం మడతల వంటి ఆకార జ్ఞానానికి సంబంధించిన ప్రశ్నలు. ఫలితం కొంత మెరుగైనది గాని, ఆ మెరుగు పావుగంటకు మించి నిలువలేదు. మరొక సంగతి గమనించాలి: వారు విన్నది పనికి ముందు, పని చేస్తూ కాదు. పత్రికలు ఈ భేదాన్ని మరచాయి. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ పుట్టిన ప్రతి శిశువుకూ సంగీతపు రికార్డు ఇవ్వటానికి 1,05,000 డాలర్లు కావాలని శాసనసభను కోరారు! 2001లో థాంప్సన్, షెలెన్‌బర్గ్, హుసేన్ చేసిన ప్రయోగంలో హుషారైన మోజార్ట్ సంగీతం మేలు చేసినది. విషాదంగా సాగే మరొక రచన చేయలేదు. మేలు చేసినది సంగీతకర్త కాదు, వినేవాని ఉత్సాహం.

ఈ విషయాన్ని ఏ తరగతిలోనైనా పరీక్షించవచ్చు. తొమ్మిదేసి అంకెల వరుసలు ఇరవై తయారుచేసి, ఒక్కొక్క అంకెనే నల్లబల్లపై వ్రాసి వెంటనే చెరిపివేయాలి. విద్యార్థులు వరుస పూర్తయిన తరువాతనే దానిని జ్ఞాపకం నుండి వ్రాయాలి. పది వరుసలు నిశ్శబ్దంలో, పది వరుసలు పాట వినిపిస్తూ చేయించాలి. ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా మార్చుతూ పోవాలి, లేకుంటే అలవాటు వలన వచ్చిన మెరుగు లెక్కలో కలుస్తుంది. పిమ్మట తప్పులు లెక్కించి, మరునాడు మాటలు లేని వీణాగానంతో మళ్లీ చేసి చూడవచ్చు.