ఎవరి పాపం?

కిందటి వేసవిలో మా ఊళ్ళో ఒక తెలుగువారింట పసిబిడ్డ పోయింది. పుట్టుకతో వచ్చిన జబ్బు. పరామర్శకు అందరం వెళ్ళాం. ఇండియా నుంచి వచ్చివున్న ఒక పెద్దావిడ ఆ తల్లి తల నిమురుతూ, ఎంతో ఆప్యాయంగానే, "ఏ జన్మలో ఏం చేసుకున్నామో తల్లీ, అనుభవించక తప్పుతుందా?" అంది. కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గర ఆ తల్లి నన్ను ఆపి, "అన్నయ్యగారూ, మీరు డాక్టరు కదా, నిజం చెప్పండి. నేనేం చేశానని ఇలా జరిగింది?" అని అడిగింది. జబ్బు పేరు నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నోట రాలేదు. "కాఫీ తెస్తానుండమ్మా" అని తప్పుకున్నాను.

అలా తప్పుకున్నందుకు ఇన్నాళ్ళూ సిగ్గుపడుతూనే ఉన్నాను. అంచేత కాస్త చరిత్ర తిరగేశాను. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు దయామయుడు, లోకంలో దుఃఖం ఉంది. ఈ మూడు మాటలూ ఒకచోట పొసిగేదెలా? ఇది నాకో, ఆ తల్లికో కొత్తగా వచ్చిన సందేహం కాదు. మన పూర్వులూ, ఈ దేశస్థులూ కూడా దీనితో కుస్తీ పట్టినవాళ్ళే.

ముందు మన గడ్డ మీది సంగతి చెప్పుకుందాం. 1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, ఇంటింటా దీపాలు పెట్టుకునే రోజులు. కృష్ణా జిల్లా దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. నేనప్పటికి పుట్టలేదు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. తుపాను గాలితోపాటు పదిహేను అడుగులకు పైబడిన ఉప్పెన మైళ్ళకొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళలో ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన కుటుంబాలున్నాయి. సర్కారు లెక్కలోనే పోయినవారు సుమారు 10,000 మంది. పశువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఆ స్వామికి మొక్కుకున్నవాళ్ళూ పోయారు, మొక్కనివాళ్ళూ పోయారు.

అంత శవాల మధ్య కూడా కొందరు "పాపం పెరిగిపోయింది, అందుకే" అన్నారట. ఎవరి పాపం? పోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లెకారులు, కూలీలు, గుడిసెల్లో ఉండేవాళ్ళు. మేడ ఉన్నవాళ్ళు మేడెక్కి బతికారు. దేవుడు పాపం చూసి శిక్షించాడనుకుంటే, ఆయన లెక్కలో పూరిగుడిసె ఒక పాపమూ, డాబా ఇల్లు ఒక పుణ్యమూ అయివుండాలి.

ఈ "పాపానికి శిక్ష" అనే మాట మనవాళ్ళలో సామాన్యులే కాదు, మహాత్ములు కూడా అన్నారు. 1934 జనవరి 15న బీహారు, నేపాలు దేశాల్లో మహా భూకంపం వచ్చి పదివేల మందికి పైగా చనిపోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో ఉన్నారు. అంతకు ముందు నెలలోనే మన ఆంధ్రలో తిరిగి వెళ్ళారు. ఆయన తమిళదేశంలో మాట్లాడుతూ, మనం చేస్తున్న అస్పృశ్యతా పాపానికి ఇది దైవం విధించిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూరుకు ఆ మాట మింగుడుపడలేదు. ఆయనా అస్పృశ్యతకు విరోధే. అయినా ప్రకృతి చేష్టలకు నీతిని ముడిపెట్టడం తగదని, ఆ పద్ధతి ఎదుటివాళ్ళకూ అంతే అనుకూలిస్తుందని వాదించారు. అలాగే అయింది కూడా. గాంధీగారి హరిజనోద్యమానికే ఇది శిక్ష అని సనాతనులు అన్నారు. ఒకే భూకంపం, రెండు తీర్పులు. గాంధీగారి గొప్పతనం చూడండి, ఠాగూరు ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశారు. కానీ తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ గాంధీగారితోనే దేవుడి విషయంలో చర్చకు దిగిన తెలుగువాడొకాయన ఉన్నాడు. గోరా అని పిలిచే గోపరాజు రామచంద్రరావుగారు. 1902లో పుట్టారు, వృక్షశాస్త్రం చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. నాస్తికుడైనందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని బెజవాడ పటమటకు మార్చారు. అంతా దైవాధీనమనుకున్నంతకాలం మనిషి అంటరానితనాన్నీ, దరిద్రాన్నీ నుదుటిరాత అని సరిపెట్టుకుంటాడు, ఆ నమ్మకం పోతేనే చెయ్యి కదులుతుందన్నది ఆయన వాదం. గాంధీగారు ఆయన్ని కాదనలేదు, తరిమెయ్యలేదు, సేవాగ్రాంలో పక్కన కూర్చోబెట్టుకుని విన్నారు. గోరాగారి అమ్మాయి పెళ్ళి హరిజన యువకుడితో సేవాగ్రాంలో జరిపించడానికి, అందులో దేవుడి మాటకు బదులు సత్యం అనే మాట వాడడానికి కూడా ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగిన తరువాత, 1948 మార్చిలో, ఆ పెళ్ళి అక్కడే జరిగింది.

ఇంతకీ మన శాస్త్రాలేమంటాయి? మనవాళ్ళు ఈ ప్రశ్నను దాటవేశారనుకోవడం పొరపాటు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలోనే ఉంది. లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులు, ఇంత బాధ ఉంటే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అని పూర్వపక్షం. అంటవు, ఆయన జీవుల కర్మను బట్టి నడిపిస్తాడు అని సమాధానం. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది? సంసారం అనాది, దానికి మొదలు లేదు అన్నారు. తర్కంగా చూస్తే ఇది గట్టి కట్టడమే. దేవుడు నిర్దోషిగా బయటపడతాడు. అయితే ఆ నేరం ఎక్కడికి పోయింది? ఏడ్చేవాడి నెత్తిమీదికి పోయింది. నాకు కష్టం వచ్చినప్పుడు నా కర్మ అని నేననుకుంటే అది ఓర్పు. ఎదుటివాడి కష్టం చూసి నీ కర్మ అంటే అది తీర్పు. ఆ మాటే, కానీ ఎవరి నోట వస్తోందన్న దాన్ని బట్టి మందూ అవుతుంది, విషమూ అవుతుంది.

భారతం ఈ విషయంలో ఇంకా నిర్మొగమాటంగా ఉంది. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీస్తుంది. ధర్మం తప్పని నువ్వు అడవిలో, అధర్మం చేసినవాడు సింహాసనం మీద; విధాత తల్లిదండ్రుల్లా కాక బొమ్మలాడించేవాడిలా ఉన్నాడు అంటుంది. ధర్మరాజు, నువ్వు మాట్లాడేది నాస్తికం అని మందలిస్తూనే ఒక మంచి మాట చెబుతాడు. నేను ఫలం కోసం ధర్మం చెయ్యను, అలా చేసేవాడు ధర్మంతో వ్యాపారం చేసేవాడు అని. మనలో చాలామందికి ఇది చురక. నూటపదహార్లు మొక్కి మెడికల్ సీటు అడిగిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. బేరం కుదిరిందనుకున్నాం గనుకే, కష్టమొస్తే మోసపోయామనిపిస్తుంది.

భద్రాచల రామదాసు సంగతి మీకు తెలిసిందే. గోల్కొండ చెరసాలలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నవాడు. నీకు చేయించిన నగలకు ఇంతింత అయింది, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే దులిపేశాడు. వెంటనే దెబ్బలకు తాళలేక తిట్టానని క్షమించమన్నాడు. మన తాతలు దీన్ని నాస్తికమనలేదు, భజనల్లో పాడుకున్నారు. అంటే దేవుణ్ణి నిలదీయడం మన భక్తిలో ఒక భాగమే.

ఇప్పుడు మనమున్న దేశానికి వద్దాం. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లోనే, మసాచుసెట్స్ రాష్ట్రంలోని నేటిక్ అనే ఊళ్ళో హెరాల్డ్ కుష్నర్ అనే యూదు మతగురువు కొడుకు, ఆరన్, పధ్నాలుగో పుట్టినరోజు వెళ్ళిన రెండు రోజులకు చనిపోయాడు. ప్రొజీరియా అనే జబ్బు. పసివయసులోనే శరీరం ముసలిదైపోతుంది. మూడేళ్ళప్పుడు డాక్టర్లు చెప్పారు, తండ్రి పదకొండేళ్ళు ఎదురుచూశాడు. జీవితమంతా దేవుడి పని చేసినవాడికి ఇదేమి జీతం? ఆయన 1981లో ఒక పుస్తకం రాశాడు, మంచివాళ్ళకు చెడు జరిగినప్పుడు ఏం చెయ్యాలన్నది దాని విషయం. దేశమంతా చదివింది. దేవుడు దయగలవాడన్న మాట వదులుకోలేను, అన్నీ ఆయన చేతిలో ఉన్నాయన్న మాట వదులుకుంటాను అన్నాడు ఆయన. జబ్బు దేవుడు పంపడు, తట్టుకునే బలం, పక్కన నిలిచే మనుషులు మాత్రం ఆయన పంపినవే అన్నాడు. తర్కానికి ఇది అందరికీ రుచించదు. చేతులు కట్టేసుకున్న దేవుడు దేవుడెలా అవుతాడని అడిగినవాళ్ళున్నారు. ఆ అడగడమూ న్యాయమే. కుష్నర్ 2023లో తన 88వ ఏట పోయాడు.

డాక్టరుగా నాకు ఈ కథలో కొసరు ముఖ్యం. 2003లో ప్రొజీరియాకు కారణం తెలిసింది. మన కణంలోని 300 కోట్ల అక్షరాల్లో, ఎల్‌ఎమ్‌ఎన్‌ఎ అనే జన్యువులో, ఒకే ఒక్క అక్షరం మారుతుంది. దాదాపు ప్రతి కేసులోనూ అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొత్తగా పడిన అచ్చుతప్పు. సుమారు 40 లక్షల జననాల్లో ఒకటి. తల్లి తిన్నదీ కాదు, తాగిందీ కాదు, తండ్రి చేసిందీ కాదు. ఆ పరిశోధనకు దోహదం చేసిన సంస్థను 1999లో పెట్టింది ఆ జబ్బున్న పిల్లవాడి తల్లిదండ్రులే, ఇద్దరూ డాక్టర్లు. జన్యువును కనుక్కున్న బృందంలో పెద్ద ఫ్రాన్సిస్ కాలిన్స్ గట్టి క్రైస్తవ విశ్వాసి. 2020లో మొదటి మందుకు అనుమతి వచ్చింది. నయం చెయ్యదు, ఆయుష్షును కొంత పొడిగిస్తుంది.

దివిసీమలోనూ ఇదే చూస్తాను. ఉప్పెన తరువాత రామకృష్ణ మిషన్ వారు వచ్చారు, క్రైస్తవ సంస్థల వారు వచ్చారు, గోరాగారి నాస్తిక కేంద్రం వారూ వచ్చారు. ఒకే బురదలో, ఒకే శవాలను మోశారు. దేవుడున్నాడని మోసినవాడి భుజానికీ, లేడని మోసినవాడి భుజానికీ బరువు ఒకటే. తరువాత తీరం పొడుగునా తుపాను ఆశ్రయాలు కట్టారు, హెచ్చరికల ఏర్పాట్లు బాగుపడ్డాయి. 1990 మే నెలలో అంతటి తుపానే మళ్ళీ కోస్తాను కొట్టింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు, మరణాలు వెయ్యి లోపు. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడితే రాష్ట్రంలో పోయినవారు వంద లోపు. ఈ మధ్యకాలంలో ఆంధ్రుల పాపం పదోవంతుకు, మళ్ళీ అందులో పదోవంతుకు తగ్గిందా? తగ్గలేదు. తగ్గింది మన అశ్రద్ధ.

అయితే ప్రశ్న తీరిపోయిందా? తీరలేదు. ఆశ్రయం కట్టొచ్చు, కానీ అక్షరం ఎందుకు మారింది, ఆ బిడ్డలోనే ఎందుకు మారింది అంటే సైన్సు "యాదృచ్ఛికం" అంటుంది. తల్లికి ఆ మాట కూడా చల్లగానే ఉంటుంది. నేను రోజూ పొద్దున్న దీపం పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేవాణ్ణి. ఆ దీపాన్నీ, ఆ వార్డునూ కలిపే సూత్రం నాకింకా దొరకలేదు. దొరికిందనే వాళ్ళ మాట కాస్త అనుమానంగానే వింటాను. ఒక్కటి మాత్రం తేలింది. లెక్కలు చూసి శిక్షలు వేసే దేవుణ్ణి బాధతో పొసిగించడం నా వల్ల కాదు. ద్రౌపది అడిగినా, రామదాసు తిట్టినా ఓర్చుకునే దేవుడైతే, ఆయన ముందు దీపం పెట్టగలను.

బైబిలులో యోబు కథ ఉంది. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న అతని దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంటారు. ఆ తరువాత నోరు తెరిచి, నువ్వేదో తప్పు చేసివుంటావు అని వాదిస్తారు. చివరికి దేవుడు చివాట్లు పెట్టింది ఆ స్నేహితులకు. నిలదీసిన యోబు మాటే సరైనదన్నాడు. ఆ ముగ్గురూ చేసిన మంచిపని ఆ ఏడు రోజులూ నోరు మూసుకోవడమే.

ఇక్కడ మనకు అత్తలూ మామలూ, ఇరుగూ పొరుగూ అన్నీ మనకు మనమే. అందుకని సభ్యులకు నాదొక మనవి. ఎవరింట కష్టమొచ్చినా అన్నం, పప్పు వండుకుని వెళ్దాం, పిల్లల్ని బడికి దించి వద్దాం, పక్కన కూర్చుందాం. కారణం మాత్రం చెప్పవద్దు. మొన్న ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. "అమ్మా, ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాను. నువ్వేమీ చెయ్యలేదు. ఇది డాక్టరుగా చెబుతున్నాను" అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, "కాఫీ తాగుతారా అన్నయ్యగారూ?" అంది.