'ఎనాన్షియో' మాటలు: ఎదురు రూపానికి ఎదురు గుణం ఉంటుందా?

తుమ్ములు ఆగడం లేదని హైదరాబాద్ తార్నాకలో ఏ మందుల షాపుకు వెళ్లినా రెండు రకాల మాత్రలు కనిపిస్తాయి. ఒక స్ట్రిప్ మీద సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు అని, ఇంకోదాని మీద లెవోసెటిరిజిన్ 5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అలర్జీ మీద రెండూ చేసే పని ఒకటే. మరి మోతాదు సగానికి ఎందుకు తగ్గింది? మొదటి మాత్రలో అద్దంలో బింబ ప్రతిబింబాల్లాంటి రెండు రకాల అణువులు సగం సగం ఉంటాయి. రెండో మాత్రలో ఉండేది ఆ జంటలో బాగా పనిచేసే రకం మాత్రమే. ఇలాంటి జంటలో ఒక్కోదాన్ని ఎనాన్షియోమర్ అంటారు. 'ఎదురైనది' అని అర్థమిచ్చే గ్రీకు మాట ఎనాంటియోస్ నుంచి వచ్చిన పేరు ఇది.

ఇదే ధాతువు నుంచి పుట్టిన శాస్త్ర పదాలు ఇంకా ఉన్నాయి. రెండు స్ఫటిక రూపాలు ఒక ఉష్ణోగ్రత దగ్గర అటూ ఇటూ మారితే ఎనాన్షియోట్రోపీ. గంధకంలో ఇది సుమారు 95.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది. క్రెటేషియస్ యుగాంతంలో అంతరించిన ఒక పక్షుల వర్గానికి 1981లో సిరిల్ వాకర్ ఎనాన్షియోర్నిథీస్ అని పేరు పెట్టాడు. భుజం దగ్గర రెండు ఎముకలు కలిసే తీరు నేటి పక్షుల్లో ఉన్నదానికి తలకిందులుగా ఉండటమే కారణం. పేరు చెప్పే ఎదురు ఆ కీలు వరకే. అవి పక్షులే, వాటిలో చాలా మటుకు ఎగిరినవే.

ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న కూడా అదే. పేరులోని ఎదురు ఆకారానికే పరిమితమా, పనికీ వర్తిస్తుందా? ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి తార్నాక మీదుగా ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ), సీసీఎంబీల (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) పరిధిలోని విషయాలతోనే దీన్ని చాలావరకు పరీక్షించవచ్చు. 1944లో మొదలై, 1956లో రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీగా మారి, 1989లో ఇప్పటి పేరు పొందిన సంస్థ ఐఐసీటీ. అక్కడి బయోకెమిస్ట్రీ విభాగంతోనే 1977లో సీసీఎంబీకి పునాది పడింది.

మందుల్లో

1848లో లూయీ పాశ్చర్ ఒక టార్టారిక్ లవణం స్ఫటికాలను ఏరి రెండు కుప్పలుగా విడదీశాడు. ఒక కుప్ప ద్రావణం ధ్రువిత కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు తిప్పింది. ఇక్కడ ఎదురు స్పష్టం, కొలవదగినది. నేటికీ సింథసిస్ లేబుల్లో ఎవరైనా కొత్త పద్ధతి చెబితే ముందు వచ్చే ప్రశ్న 'ఈఈ (ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్, అంటే ఒక రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువ) ఎంత?' అనే. ఈఈ 90 శాతం అంటే కావలసిన రూపం 95 పాళ్లు, దాని ఎదురు రూపం 5 పాళ్లు అని లెక్క.

శరీరంలోకి వెళ్లాక మాత్రం లెక్క ఇంత సూటిగా ఉండదు. సెటిరిజిన్‌లో రెండో రూపం వ్యతిరేకంగా ఏమీ చేయదు, దాదాపు ఊరికే ఉంటుంది. ఐబుప్రోఫెన్‌లో పనిచేయని ఆర్ రూపాన్ని శరీరమే చాలావరకు పనిచేసే ఎస్ రూపంగా మార్చుకుంటుంది. ఒమెప్రజోల్ సంగతి మరీ ఆసక్తికరం. కడుపులోని ఆమ్ల కణాల్లో దాని రెండు రూపాలూ చివరికి అద్దపు జంటే లేని ఒకే పదార్థంగా మారి పనిచేస్తాయి. అందులో ఎస్ రూపాన్ని మాత్రమే తీసుకున్న ఎసోమెప్రజోల్‌కు ఉన్న తేడా ప్రధానంగా కాలేయం దాన్ని నిదానంగా విరగ్గొట్టడంలో ఉంది. కొత్త మందు మేలని చూపిన పరీక్షల్లో కొన్ని 40 మిల్లీగ్రాముల ఎసోమెప్రజోల్‌ను 20 మిల్లీగ్రాముల ఒమెప్రజోల్‌తో పోల్చినవి. అక్కడ కనిపించిన మేలులో ఎంత రూపానిది, ఎంత మోతాదుది అని విడదీసి చూడాలి.

థాలిడొమైడ్ గురించి 'ఒక రూపం మందు, రెండోది విషం' అని తరగతుల్లో తరచూ చెబుతారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందును, గర్భిణులు వాడాక బిడ్డలు అవయవ లోపాలతో పుట్టడంతో 1961లో వెనక్కి తీసుకున్నారు. కానీ దాని రెండు రూపాలూ శరీరంలో కొన్ని గంటల్లోనే ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి. మంచిదనుకున్న రూపాన్నే ఇచ్చినా రెండోది తయారవుతుంది. పైగా మైలోమా అనే కేన్సర్‌లో మేలుకూ, పిండంలో కీడుకూ దారితీసేది ఆ మందు సెరెబ్లాన్ అనే ఒకే ప్రోటీన్‌కు అంటుకోవడమే. మంచీ చెడూ చెరో రూపానికి పంచి ఇచ్చినంత తేలిక కాదు.

అలాగని ఎదురు గుణం అసలే ఉండదని కూడా అనలేం. బే కె 8644 అనే ప్రయోగశాల పదార్థంలో ఒక రూపం కాల్షియం మార్గాలను చురుకు చేస్తుంది, రెండోది అడ్డుకుంటుంది. అలాంటివి ఉన్నాయి. పేరును బట్టి ఊహించి కాదు, కొలిచి చూసి తెలుసుకున్నవి అవి.

సీసీఎంబీలో

గ్లైసిన్ ఒక్కటి తప్ప, మన కణాలు ప్రోటీన్లను ఎల్ అమైనో ఆమ్లాలతోనే కడతాయి. అప్పుడప్పుడు పొరపాటున వాటి అద్దపు జంటైన డి రూపం, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు తగులుకుంటుంది. దాన్ని కత్తిరించి తీసేసేది డీటీడీ అనే ఎంజైమ్. డి రూపాన్ని గుర్తుపట్టి పట్టుకోవడమే దీని పని అనిపిస్తుంది. సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం మలేరియా పరాన్నజీవి డీటీడీ నిర్మాణాన్ని విప్పి 2013లో ఈలైఫ్ పత్రికలో ప్రచురించింది. ఎంజైమ్ రెండు భాగాల్లో ఒకదాని గ్లైసిన్–ప్రోలిన్ కొస రెండోదాని క్రియాస్థలంలోకి చొచ్చుకుని ఉంటుంది. ఎల్ రూపం అక్కడ ఇమడదు.

2016లో అదే బృందం ప్లాస్ బయాలజీలో ఇచ్చిన ఫలితం ఈ చర్చకు కీలకం. డీటీడీ గ్లైసిన్‌ను కూడా కత్తిరించగలదు. గ్లైసిన్‌కు అద్దపు జంట లేదు, అది డి కాదు, ఎల్ కాదు. అంటే ఎంజైమ్ 'ఎదురు' రూపాన్ని వెతకడం లేదు. ఎల్‌ను గెంటేసి, ఇమిడినదాన్నల్లా కోస్తోంది. గ్లైసిన్‌కు నష్టం జరగకుండా కాపాడే పని ఈఎఫ్-టీయూ అనే మరో ప్రోటీన్ చేస్తుంది.

తంగేడులో

తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడులో కనిపించేది ఎనాన్షియోస్టైలీ. పూవు మధ్యలో కీలం కొన్నింటిలో ఎడమకు, కొన్నింటిలో కుడికి వంగి ఉంటుంది. ఒకే చెట్టు మీద రెండు రకాలూ పూస్తాయి. తంగేడు పూల జీవశాస్త్రంపై డుల్‌బెర్గర్ పత్రం 1981లో అమెరికన్ జర్నల్ ఆఫ్ బోటనీలో వచ్చింది. ఒక వైపు వంగిన పూవు పుప్పొడి తేనెటీగ ఒంటికి ఒక పక్కన అంటి, రెండో వైపు వంగిన పూవు కీలాగ్రానికి తగులుతుందన్నది ఈ అమరికకు చెప్పే వివరణ. జెసన్, బారెట్ 2002లో సోలానమ్ మొక్కలతో చేసిన ప్రయోగాలు ఒకే మొక్క పూల మధ్య పరాగ సంపర్కం దీనివల్ల తగ్గుతుందని చూపాయి. సోలానమ్‌లో తేలినదాన్ని తంగేడుకు నేరుగా అంటగట్టకూడదు. ఒకే కొమ్మ మీద రెండు రకాలూ ఉంటే పుప్పొడి పక్క పూవుకే చేరవచ్చు కదా.

తేలింది ఏమిటి

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే ఎనాన్షియో అన్న ముందుమాట చెప్పేది ఒక్కటే: ఫలానా చోట అమరిక తిరగబడి ఉంది. పని కూడా తిరగబడిందా, తగ్గిందా, మారలేదా అన్నది ప్రతిసారీ వేరే పరీక్ష. బతుకమ్మ పూల కాలంలో ఓయూ వృక్షశాస్త్ర విద్యార్థులు దీన్ని స్వయంగా మొదలుపెట్టవచ్చు. ఒక్కో తంగేడు చెట్టు మీద ఎడమ, కుడి పూలు విడిగా లెక్కించాలి. కొన్ని చెట్ల మీద ఒక రకం పూలే మిగిల్చి, మిగతా చెట్లను అలాగే వదిలి, కాయలు ఎన్ని కట్టాయో పోల్చాలి. తేడా రాకపోతే అదీ ఫలితమే. తంగేడులో ఆ వంపు వల్ల కాయకు ఒరిగేది ఉందనడానికి ఈ పరీక్షలో ఆధారం దొరకలేదని రాసుకోవాలి.