అక్షయం కాని తూణీరము



మ్యాగజైను అనగానే మనవంటివారికి స్ఫురించేది పత్రిక. ఆ మాటకు మూలం ‘గిడ్డంగులు’ అనే అర్థం గల అరబ్బీ పదం ‘మఖాజిన్’. అది ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి చేరి, మందుగుండు దాచే కొట్టుకు పేరయింది. 1731లో ఎడ్వర్డ్ కేవ్ లండనులో ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ ప్రారంభించి, విషయాల కొట్టు అనే భావంతో ఆ పేరును పత్రికకు అన్వయించాడు. తుపాకికి తగిలించే తూటాల పెట్టెకూ అదే పేరు. మన కావ్యభాషలో దానిని తూణీరమనవచ్చు.

ఖాండవదహన వేళ అర్జునునికి లభించిన తూణీరాలు అక్షయాలు. మానవనిర్మితమైన తూణీరానికి ఆ భాగ్యం లేదు సరికదా, నిండుగా ఉండికూడా ఒక్క తూటానైనా అందించలేని దుస్థితి దానికి కలుగుతుంది. స్టెన్‌గన్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

1940లో డంకర్క్ తీరాన అపారమైన ఆయుధసామగ్రిని వదలి వచ్చిన బ్రిటనుకు చౌకగా, త్వరగా తయారయ్యే తుపాకి అవసరమైంది. 1941లో షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరు రూపొందించినదే స్టెన్. దాదాపు నలభై లక్షలు తయారయ్యాయి. తుపాకి సరళమే, చిక్కంతా ఎడమప్రక్కన అమర్చే రేకుపెట్టెతోనే. జర్మను నమూనాననుసరించి చేసిన ఆ పెట్టెలో 32 తూటాలు రెండు వరుసలుగా పేర్చబడి, మూతివద్దకు రాగానే ఒకే వరుసగా కలవాలి. ఇరుకు ద్వారంలో ఇద్దరు ఒకేసారి దూరబోయినట్లు, అక్కడ ఒరిపిడి హెచ్చుతుంది. ఇసుక చేరినా, మూతి అంచులు ఏమాత్రం వంగినా తూటా ఇరుక్కుంటుంది. సైనికులు పెట్టెనే పిడిగా పట్టుకుంటే అది ప్రక్కకు ఒరిగి మరింత మొరాయించేది.

1942 మే 27న ప్రాగ్ నగరంలో నాజీ అధికారి హైడ్రిష్ కారుకు ఎదురుగా నిలిచి యోజెఫ్ గాబ్చీక్ మీట నొక్కినప్పుడు అతని స్టెన్ పేలలేదు. ఎందుకు పేలలేదన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. సహచరుడు యాన్ కుబిష్ విసిరిన బాంబు వలన గాయపడి హైడ్రిష్ జూన్ 4న మరణించాడు. ప్రతీకారంగా జూన్ 10న నాజీలు లిడిత్సె గ్రామంలో 173 మంది పురుషులను కాల్చిచంపి, ఊరిని నేలమట్టం చేశారు.

ఈ రోగానికి సైనికులు కనుగొన్న వైద్యం మిక్కిలి సులభం. 32 పట్టే చోట 28 నుండి 30 మాత్రమే నింపేవారు. పెట్టెను శుభ్రంగా ఉంచి, చేయి దానిమీద వేయకుండా జాగ్రత్తపడేవారు. మా కాలపు ఉపాధ్యాయులు సిరాబుడ్డిని అంచుదాకా నింపనిచ్చేవారు కారు. ఆ నీతే ఇక్కడా చెల్లింది.

అసలు చికిత్స చేసినవాడు జార్జ్ పాచెట్. అతని స్టెర్లింగ్ తుపాకిలో తూటాలు ఒకే వరుసగా కలవనవసరం లేకుండా కుడియెడమల నుండి మార్చిమార్చి అందుతాయి. పెట్టె కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. తూటాలను పైకి నెట్టే భాగంలో చిన్న రోలర్లు ఉండటం వలన ఒరిపిడి తగ్గింది. 34 తూటాలనూ నిశ్చింతగా నింపవచ్చు. బ్రిటిష్ సైన్యం దీనిని 1953లో స్వీకరించింది. మనదేశంలో కాన్పూరు కర్మాగారం దానినే 1ఎ కార్బైన్‌గా తయారుచేసింది.

విశేషమేమంటే, మన పత్రికలు ఆ కార్బైన్‌ను కూడా స్టెన్‌గన్ అనే వ్రాస్తూ వచ్చాయి. తూణీరానికి దోషం తొలగినా, పాతపేరు మాత్రం తొలగలేదు.