రోడ్డు మీద ఓడి, నీటి మీద గెలిచిన గాలిపటం

గాలిపటం బండిని లాగగలదని చేసి చూపించినవాడు ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు చెందిన బడిపంతులు జార్జ్ పోకాక్. 1826లో ఆయన పేటెంటు పొందిన బండి పేరు షార్‌వొలాంట్. 1500 అడుగులకు పైబడిన తాడుకు రెండు పటాలు కట్టి, మనుషుల్ని ఎక్కించుకుని గంటకు 20 మైళ్ల వేగం అందుకున్నాడు. ఆ రోజుల్లో టోలు గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. గుర్రమే లేని బండికి టోలూ లేదు. ఇంత చవకైన బండి ఎందుకు నిలవలేదు? రైలు వచ్చి మింగేసిందని చెప్పడం తేలిక. లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు 1830లో మొదలైన మాట నిజమే. అయితే గుర్రపు బండ్లు ఆ తర్వాత కూడా దశాబ్దాలు నడిచాయి కదా! అసలు అడ్డంకి రోడ్డు ఇరుకుదనమే అంటాను.

మన సంక్రాంతి పటానికి ఒకటే దారం. బండినో పడవనో లాగే పటానికి, అంటే పవర్ కైట్‌కు, రెండో నాలుగో ఉంటాయి, పగ్గాల్లాగా. పటం నెత్తిమీద నిలిస్తే లాగుడు తక్కువ. కిందికి దించి గాలికి అడ్డంగా పరుగెత్తిస్తే, ఆ పరుగు వల్లే దానికి తగిలే గాలి పెరుగుతుంది. ఆ తగిలే గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. పోకాక్ నాలుగు తాళ్లతో పటాన్ని అదుపు చేయడం అప్పటికే సాధించాడు. ఆయన బ్రేకు మాత్రం మోటుది: ఇనుప కమ్మీని రోడ్డులోకి గుచ్చడమే! అయితే ఏ పటమూ గాలికి సూటిగా ఎదురు లాగదు. ఎదురు వెళ్లాలంటే ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఏటవాలుగా సాగాలి. చెట్లకూ కంచెలకూ మధ్య నడిచే రోడ్డు మీద అంత చోటెక్కడిది?

లోపం చోటుది కాదు, సరుకుది అనేవారూ ఉన్నారు. నైలాన్, గట్టి సన్నతాళ్లు వచ్చాకే పటం పనికొచ్చిందని వారంటారు. ఆ సరుకు మేలు చేసిన మాట కాదనను. కానీ నైలాన్ పుట్టకముందే, 1903లో, శామ్యూల్ కోడీ పటం లాగిన పడవలో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. కొత్త పటమూ చోటున్న నీటి వైపే నడిచింది. ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపే పటానికి పేటెంటు తీసుకున్నారు. నీళ్లలో పడ్డా దాన్ని మళ్లీ లేపవచ్చు. నేల మీద నడిచే కైట్ బగ్గీలు లేవా? ఉన్నాయి, వెడల్పాటి ఇసుక తీరాల మీద. 2008లో 160 చదరపు మీటర్ల పటంతో బెలూగా స్కైసెయిల్స్ అనే సరుకు ఓడ అట్లాంటిక్ దాటింది. అక్కడ పటం ఇంజిన్‌కు తోడు మాత్రమే. అది లేకున్నా ఓడ రేవు చేరేది. పటమే ఇంజినైన పందేలు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు సంపాదించాయి. వాటిని జరిపింది మార్సెయ్ సముద్రంలో.