టర్కీ యువతలో వ్యక్తిగత అస్తిత్వం: కొలమానాల చరిత్ర

చదువు, ఉద్యోగం, స్నేహం, నమ్మకాల విషయంలో టర్కీ యువతీయువకులు తమ దారిని ఎలా తేల్చుకుంటారో ముఖాముఖిల ద్వారా, ప్రశ్నావళుల ద్వారా అంచనా వేసే మనస్తత్వశాస్త్ర కృషి ఇది. ఇందులో వాడే కొలమానాలు చాలావరకు అమెరికా, ఐరోపాల్లో పుట్టి టర్కిష్‌లోకి వచ్చినవే.

నేపథ్యం: ఒట్టోమన్ శతాబ్దాల్లో మతం, కుటుంబం, పుట్టిన ఊరు మనిషి స్థానాన్ని చాలావరకు ముందే నిర్ణయించేవి. 1923లో గణతంత్రం ఏర్పడ్డాక ఆధునిక విద్య, ఆపై పట్టణాలకు వలసలు యువత ముందు కొత్త ఎంపికలు ఉంచాయి.

తొలి కొలమానాలు: ఎరిక్ ఎరిక్సన్ 1950లో ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’లో అస్తిత్వాన్ని కౌమారదశకు కీలక సమస్యగా చూపాడు. ఆ భావనను కొలతకు అందేలా చేసిన ఘనత జేమ్స్ మార్షియాది. 1966లో ఆయన 86 మంది కళాశాల విద్యార్థులను వృత్తి, మతం, రాజకీయాలపై ప్రశ్నించాడు. వెతుకులాట జరిగిందా, నిర్ణయానికి కట్టుబడ్డారా అన్న రెండు గీటురాళ్లతో నాలుగు స్థితులను గుర్తించాడు: వెతికి సాధించినది, వెతుకులాటలో ఉన్నది, వెతకకుండానే ఖాయమైనది, అస్పష్టమైనది. 1979లో జెరాల్డ్ ఆడమ్స్ బృందం ముఖాముఖి స్థానంలో ప్రశ్నావళిని తెచ్చింది. 1989లో మైఖేల్ బెర్జాన్‌స్కీ యువత నిర్ణయాలు తీసుకునే శైలులపై దృష్టి పెట్టాడు.

2008 తర్వాత: ఆ ఏడాది రెండు ముఖ్యమైన కొలమానాలు వెలువడ్డాయి. బెల్జియంలో కూన్ లూయిక్స్ బృందం రూపొందించిన 25 వాక్యాల ప్రశ్నావళి ఐదు పార్శ్వాలను కొలుస్తుంది. ఎటూ తేలని మథనం వాటిలో ఒకటి. ఎలిసబెత్తా క్రోచెత్తి, విమ్ మేయుస్ తదితరుల ఉట్రెక్ట్ కొలమానంలో 13 వాక్యాలే ఉంటాయి. కట్టుబాటు, లోతైన పరిశీలన, పునరాలోచన దాని మూడు అంశాలు. 2014లో ఉమిత్ మోర్సున్‌బుల్, ఫిగెన్ చోక్‌లు క్రోచెత్తి, మేయుస్‌లతో కలిసి దీని టర్కిష్ రూపాన్ని 12–24 ఏళ్లవారిపై పరీక్షించారు. మూడంశాల నిర్మాణం అక్కడా నిలిచింది. స్త్రీపురుషులను, వేర్వేరు వయసుల వారిని పోల్చడానికి అది దారి వేసింది.

కుటుంబం స్థానం: టర్కీ మనస్తత్వవేత్త చిదెం కాయిత్‌చిబాషి (1940–2017) కృషి ఈ రంగానికి విలువైన దన్ను. స్వతంత్రత, ఆత్మీయ బంధం ఒకే వ్యక్తిలో కలిసి ఉండగలవని ఆమె సిద్ధాంతీకరించింది. ఆ వెలుగులో చూస్తే, కన్నవారికి దగ్గరగా ఉన్నంత మాత్రాన యువకుడు సొంతంగా ఆలోచించలేదని తీర్మానించడం సరికాదు. అతని నిర్ణయాల వెనుక ఎంత పరిశీలన జరిగిందో కూడా కొలవాలి.