బాగియో కళాకారులు

ఫిలిప్పీన్సులోని బాగియో కొండనగరమును 1905లో అమెరికనులు సుమారు 25 వేలమందికై ఉద్దేశించిరి. 2020 నాటికి జనము మూడున్నర లక్షలు దాటినది. మన ఉదకమండలము నెరిగినవారికి అచటి పైన్ తోపుల గతి చెప్పనక్కరలేదు.

1987లో బెన్‌కాబ్, శాంటియాగో బోస్, రాబర్టో విల్లనువా మున్నగు కళాకారులు ‘బాగియో ఆర్ట్స్ గిల్డ్’ అను సంఘముగా నేర్పడిరి. కొండలలో దొరకు వెదురు, రాయి, గడ్డి వారికి ప్రియమైన సామగ్రి. 1989లో విల్లనువా రూనో అను రెల్లుగడ్డితో మనీలాలో చుట్టలు చుట్టలుగా నడవ నొకదానిని కట్టెను. మన పద్మవ్యూహము వంటిదే యనుకొందము. అది నిలుచుటకు కాదు, మట్టిలో కలియుటకే కట్టినది. వెఱ్ఱి యందుమా? మరుసటి యేడు జులై 16న వచ్చిన భూకంపములో బాగియో మేడలే కూలినవి.

2012లో ఒక అంగడి విస్తరణకై 182 చెట్లను తొలగింప బూనగా, పౌరులతోపాటు కళాకారులును వీధులలో నడచిరి. అయినను ఏప్రిలు మాసమున, ఒక రాత్రి, వానిలో కొన్నింటిని పెకలించిరి.