కొండగాలీ, నెత్తురూ

పిల్ల పాలిపోతే చాలు, "కాస్త గాలి మార్పు చేయించండి" అనేవారు మన పెద్దవాళ్ళు. ఉత్తమాట అని కొట్టిపారెయ్యకండి. అందులో కొంత నిజముంది.

వియో అనే ఫ్రెంచి డాక్టరు పెరూ దేశంలో, సముద్రపు ఒడ్డునున్న లీమా నుంచి సుమారు 4,500 మీటర్ల ఎత్తున వున్న మొరొకోచా గనుల వూరికి ఎక్కి, తన నెత్తురు తనే లెక్కబెట్టుకున్నాడు. కింద వున్నప్పుడు ఘన మిల్లీమీటరుకి 50 లక్షల ఎర్రకణాలు. పైన మూడు వారాలు గడిచేసరికి దాదాపు 80 లక్షలు! 1890లో ఈ సంగతి ప్రకటించాడు. మందూ లేదు, మాకూ లేదు. కొండమీద ప్రాణవాయువు పలచన. ఉన్న కాస్తనీ మోసుకురావడానికి ఒళ్ళు కూలీలను పెంచుకుంటుందన్నమాట.

ఆ దారినే, సోవియట్ రోజుల్లో కిర్గిజియాలో మిర్రఖీమొవ్ అనే డాక్టరు బృందం, 3,200 మీటర్ల ఎత్తున తూయా-అషూ కనుమలో, ఎముకల్లో మజ్జ చచ్చుబడి నెత్తురు పుట్టని రోగులను వారాల తరబడి వుంచి చూసింది. కొందరికి గుణమిచ్చిందని రాశారు.

నాకు మాత్రం ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. నెత్తురు చెయ్యమని మజ్జకు కబురు పంపేది ఎరిత్రోపోయిటిన్ అనే పదార్థం. మూత్రపిండాల్లో పుడుతుంది. షికాగోలో గోల్డ్‌వాసర్, మియాకే తదితరులు 1977లో దాన్ని శుద్ధిచేశారు. దేన్నుంచో తెలుసాండీ? సరిగ్గా ఇలాంటి రోగుల మూత్రం, 2,550 లీటర్ల నుంచి! వాళ్ళ ఒంట్లో ఆ కబురు పొంగిపొర్లుతూనే వుంటుంది, వినే మజ్జే లేదు. కొండ ఇంకాస్త గట్టిగా కేకేస్తే ఏం లాభం? ఇవాళ ఆ పిల్లలకు మజ్జ మార్పిడి చేస్తున్నారు, లేదా మజ్జమీద తిరగబడ్డ సొంత రక్షణ కణాలను అణచే మందులిస్తున్నారు.

సికిల్ సెల్ పిల్లల సంగతి మరీ తిరకాసు. ప్రాణవాయువు తగ్గిందంటే వాళ్ళ ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. బాగా ఎత్తుకి తీసుకెళ్తే ఎముకల్లో భరించలేని నొప్పి రావచ్చు, ప్లీహం దెబ్బతినవచ్చు. మంచి చేద్దామని వెళ్ళిన తల్లికి ఎంత కష్టం!

మనదేశంలో ఈ లక్షణాన్ని మొదట గుర్తించింది ఎక్కడనుకున్నారు? గాలి మార్పుకని అందరూ పరుగెత్తే నీలగిరుల్లోనే, 1952లో, అక్కడి గిరిజనుల నెత్తుట్లో. మన ఏజెన్సీ పిల్లల్లోనూ వుంది. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వారికి దీనికోసం నెత్తురు పరీక్ష చేస్తున్నారు. వేలిమీంచి తీసే చుక్క చాలు.